ఫిన్లండు అడవుల పునర్జన్మ

చెట్టును నరుకుట ఒక పూట పని. దాని చోట మరియొక చెట్టు మొలచి అంతటిదగుట ఒక మనుష్యుని ఆయుర్దాయమునకు మించిన పని. వరి నాటిన రైతు తాను చేసిన సేద్యము మంచిదో చెడ్డదో ఆ పంటకాలములోనే తెలిసికొనును. తప్పు జరిగినచో మరుసటి యేడు దిద్దుకొనును. అడవిని సాకువానికి ఆ యదృష్టము లేదు. అతడు నరికించిన చోట ఏమి పుట్టినదో, ఏమి పుట్టలేదో నిశ్చయముగా చెప్పగలవారు అతని మనుమలు. అందుచేతనే అడవులను గూర్చి మనుష్యులు చేసిన శాసనములును, పొందిన తృప్తియు, పడిన పశ్చాత్తాపమును తరచుగా ఒక తరము ఆలస్యముగా వచ్చినవి. ఈ సంగతిని ఫిన్లండు దేశపు చరిత్ర మిక్కిలి స్పష్టముగా చూపుచున్నది.

భూగోళపు ఉత్తరభాగమున, ధ్రువప్రాంతపు వృక్షరహిత మైదానములకు దిగువగా, ఒక మహారణ్యము మొలనూలువలె భూమిని చుట్టియున్నది. అలాస్కా, కెనడా, నార్వే, స్వీడను, ఫిన్లండు, రష్యా దేశములు దానిలోనివి. గ్రీకుల ఉత్తరవాయు దేవతయైన బోరియాస్ పేరిట శాస్త్రజ్ఞులు దీనిని బోరియల్ అరణ్యమందురు. సైబీరియాలో దీనినే టైగా యందురు. ఈ దేశములన్నిటిలో ఫిన్లండు చిన్నది. జనసంఖ్య 55 లక్షలకు కొంచెము పైన. కాని ఆ దేశపు నేలలో దాదాపు నాలుగింట మూడు వంతులు అడవియే. అక్కడి జనులు అడవిని కాల్చి పండించుకొనిరి, అడవిని కాచి తారు తీసిరి, కోసి పలకలు చేసిరి, ఉడికించి కాగితము చేసిరి. పైగా తాము చేసినదానిని కొలిచి వ్రాసిపెట్టుకొనిరి. అందువలన అడవి పునర్జన్మమును గూర్చి విచారించువారికి ఆ దేశము ఒక తెరచిన పుస్తకము వంటిది.

ఆ యడవిలో ముఖ్యమైన వృక్షజాతులు మూడే. ఒకటి పైను, మన హిమాలయములలోని సరళ వృక్షము దీనికి జ్ఞాతి. రెండవది స్ప్రూసు, ఇది గోపురమువలె మొదట వెడల్పై కొనకు సన్నగిలు చెట్టు. మూడవది బర్చి, మన పూర్వులు ఏ చెట్టు బెరడుపై గ్రంథములు వ్రాసిరో ఆ భూర్జ వృక్షమునకు ఇది తోబుట్టువు. ఈ మూడింటి స్వభావములు వేరు. పైనునకు వెలుతురు ప్రాణము; పెద్ద చెట్ల నీడలో దాని మొక్క చిక్కి చచ్చును. స్ప్రూసు మొక్క నీడకు ఓర్చును. పెద్దల క్రింద అనేక దశాబ్దములు అణగిమణగి వేచియుండగలదు. బర్చి విత్తనము రెక్కలుగల ధూళివంటిది. గాలి తోలిన చోటికెల్ల పోయి, ఖాళీగానున్న నేలను మొదట ఆక్రమించును.

విత్తనము రాలినంత మాత్రమున చెట్టు పుట్టదు. అచటి చలిలో రాలిన ఆకులును సూదులును త్వరగా చివుకవు. ఏటికేడు అవి పేరుకొని, వానిపై నాచు పెరిగి, నేలమీద ఒక మెత్తని దట్టమైన పరుపు ఏర్పడును. దానిపై పడిన విత్తనము తడి దొరికి మొలకెత్తును గాని, వేరు మంటిని చేరకమునుపే నాలుగు నాళ్ళ యెండకు ఎండిపోవును. ఆ పరుపు ఎంత మందమైన క్రింది నేల అంత చల్లనై యుండును. మొక్కకు కావలసిన నత్రజని ఆ పొరలోనే బంధింపబడియుండును. మనుష్యుడు చేయిపెట్టక పూర్వము ఈ పరుపును తొలగించునది అగ్ని. పిడుగు పడి నిప్పంటుకొనిన చోట పొర కాలి మన్ను బయటపడును, బూడిద ఎరువగును. పలుచని బెరడును పైపై వేళ్ళును గల స్ప్రూసు ఆ మంటలో చచ్చును. మందమైన బెరడు గల ముదిరిన పైను చెట్లు కొన్ని బ్రతికి, కాలిన నేలపై విత్తనములు చల్లును. అడవికి అగ్ని శత్రువని మన మనుకొందుము. ఉత్తరారణ్యమున అది మంత్రసాని పని కూడ చేసెను.

విత్తనమునకును ఒక కాలనియమము కలదు. పైను మొగ్గ తొడుగుట ఒక వేసవి, పూచుట రెండవ వేసవి, విత్తనము పండుట మూడవ వేసవి. రాలుట ఆ మీది వసంతమున. ఈ మూడు వేసవులును అనుకూలించినగాని మంచి విత్తనము లభింపదు. రిస్తో సర్వాస్ అను ఫిన్లండు శాస్త్రజ్ఞుడు పైను పూతను, విత్తనపు రాబడిని గూర్చి దీర్ఘకాలము పరిశోధించి 1962లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున ప్రమాణము. దేశపు దక్షిణ భాగమున మంచి విత్తనపు సంవత్సరములు తరచుగా వచ్చును. ఉత్తరమున లాప్లండులో, వృక్షములకు ఎల్లయైన చోట, అట్టి సంవత్సరము కొరకు చాలకాలము ఎదురుచూడవలెను. ఒక సంవత్సరము గొడ్డలి తొందరపడినచో, విత్తనము అందుకొనుటకు అనేక సంవత్సరములు పట్టవచ్చును.

ఇట్టి యడవిలో మనుష్యుడు చేసిన మొదటి పెద్ద మార్పు పోడు వ్యవసాయము. మన తూర్పుకనుమలలో గిరిజనులు చేయు పోడునకును, తూర్పు ఫిన్లండులోని సావో ప్రాంతపు రైతులు చేసిన పోడునకును సూత్రమొక్కటే: చెట్లు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తుట. అక్కడ ముదురు స్ప్రూసు అడవిని నరికి కాల్చి, రై అను ధాన్యమును చల్లెడివారు. మొదటి పంట విస్తారముగా పండెడిది. కొన్ని పంటల పిమ్మట ఆ నేలను పశువుల మేతకు వదలి మరియొక చోటికి పోయెడివారు. నేలకు దీర్ఘకాలము విశ్రాంతి దొరికినన్నాళ్ళు అడవి తిరిగి లేచెను. జనసంఖ్య పెరిగి, అదే నేలను మరల మరల కొద్ది యేండ్లకే కాల్చినప్పుడు విత్తనమిచ్చు స్ప్రూసులును పైనులును చుట్టుప్రక్కల మిగులలేదు. బర్చియు, ఆల్డరు అను అల్పవృక్షమును మాత్రమే పెరిగినవి. ఓల్లి హెయికిన్‌హెయిమో అను అటవీశాస్త్రజ్ఞుడు 1915లో ఈ పోడు ఫలితములను గూర్చి విపులమైన గ్రంథము వ్రాసెను. అప్పటికి పోడు దాదాపు అంతరించినది. దాని ముద్ర మాత్రము అడవిలో నిలిచియుండెను. పోడు మానిన చోట్ల బర్చిల నీడలో స్ప్రూసులు మెల్లమెల్లగా లేచి, వానిని మించి పెరిగినవి. తాత కాల్చిన నేలపై తండ్రి బర్చి కట్టెలు కొట్టెను; మనుమడు స్ప్రూసు దుంగలు అమ్మెను.

పడమటి తీరమునకు ప్రధానమైనది తారు. కొయ్య నావలకును త్రాళ్ళకును తారు పూయనిదే సముద్రయానము సాగని కాలమది. నిలుచున్న పైను చెట్టు బెరడును వసంతకాలమున కొంతమేర వలిచెడివారు. చెట్టు చావకుండుటకు ఉత్తరపు వైపున ఒక పట్టెడు విడిచెడివారు. ఇట్లు కొన్ని సంవత్సరములు వలిచినచో కొయ్య బంకతో నిండును. అప్పుడు నరికి, చీల్చి, గరాటువలె త్రవ్విన గుంటలో పేర్చి, పైన మట్టిగడ్డలు కప్పి, అనేక దినములు రాత్రింబవళ్ళు కాపలా కాయుచు సన్నని సెగపై కాల్చెడివారు. అడుగున కారిన తారును పీపాలకెత్తి, పొడవైన సన్నని పడవలపై ఔలు నదిలోని ఉరవళ్ళను దాటించి రేవునకు చేర్చెడివారు. తారునకు ముదురు మహావృక్షములు అక్కరలేదు. లేత పైనులే చాలును. కావున నదీతీరములలోని వయసు చెట్లన్నియు పీపాల పాలయినవి. అయినను పైను పెరుగు ఇసుకనేలపై నాచు పరుపు పలుచన. వెలుతురు పడినంతనే మొక్కలు మరల లేచినవి. ఇట్లు నేలనుబట్టి పునర్జన్మము మారుచుండెను. ఒక చోటి అనుభవమును మరియొక చోటికి న్యాయముగా చేయుట ప్రమాదమన్న పాఠము ఆనాడే ఉన్నది. దానిని చదివినవారు లేరు.

19వ శతాబ్ది మధ్యమున పరిస్థితి మారెను. 1809లో స్వీడను చేతినుండి రష్యా చక్రవర్తి అధీనమునకు వచ్చిన ఫిన్లండునకు తన సెనేటును, తన ధనాగారమును ఉండెను. అడవులు నశించిపోవుచున్నవని ఆ సెనేటునకు భయము పుట్టెను. 1858లో సాక్సనీ రాజ్యపు తారాంట్ అటవీ విద్యాలయమునకు అధిపతియైన ఎడ్మండ్ ఫాన్ బెర్గ్‌ను పిలిపించిరి. అతడు దేశము తిరిగి చూచి, పోడు, తారు, మంటలు, అజాగ్రత్త వలన అడవి పాడగుచున్నదని కఠినముగా వ్రాసెను. 1859లో ప్రభుత్వ అటవీశాఖ ఏర్పడెను. 1862లో ఏవో అను చోట అటవీ విద్యాలయము తెరువబడెను. 1886లో అడవిని పాడుచేయరాదను శాసనము వచ్చెను. ఆ కాలముననే జర్మను అటవీశాస్త్రము మన దేశమునకును వచ్చినది. 1864లో భారత దేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియుక్తుడైన డీట్రిక్ బ్రాండిస్ జర్మను దేశీయుడే. 1882లో మద్రాసు అటవీ చట్టము వెలువడెను. ఒకే విద్య ఒకవైపు మన టేకు అడవులకును, మరియొకవైపు మంచు దేశపు స్ప్రూసు అడవులకును ప్రయాణము చేసినదన్నమాట.

ఫాన్ బెర్గ్ వచ్చుటకు ముందటి యేడు, అనగా 1857లో, ఆవిరి రంపపు మిల్లులకు అనుమతి లభించెను. ఐరోపాలో నగరములు పెరుగుచుండెను. ఇండ్లకు పలకలు కావలసియుండెను. కలప ధర పెరిగెను. అమ్మినవారికి లాభకరమైన పద్ధతి ఒకటి వ్యాపించెను: నిర్ణీతమైన లావునకు మించిన చెట్లను మాత్రము ఏరి నరికి, తక్కినవానిని విడిచిపెట్టుట. చూచుటకు ఇది మిక్కిలి సౌమ్యమైన పద్ధతి. అడవి అడవిగానే నిలిచియుండును. చిన్న చెట్లు పెద్దవై మరల కోతకు వచ్చునని నమ్మకము.

ఆ నమ్మకములో ఒక లోపముండెను. చిన్న చెట్టన్నంత మాత్రమున పడుచు చెట్టు కాదు. ఉత్తరపు స్ప్రూసు అడవిలో మణికట్టంత లావుగల చెట్టు నూరేండ్లదై యుండవచ్చును. అది బాలుడు కాడు, మరుగుజ్జు ముదుసలి. ప్రతి పర్యాయమును మేలైనవానిని కొట్టి కొరగానివానిని విత్తనమునకు విడిచినచో, మంచి వడ్లన్నియు అమ్మి తాలును విత్తనమునకు దాచిన రైతు గతియే పట్టును. అంతేకాక, పైనులను ఏరి తీసిన చోట వెలుతురు కొరకు తపించు పైను మొక్క లేవలేదు. నీడకోర్చు స్ప్రూసు లేచెను. అగ్నిని గూడ మనుష్యులు అదుపులో పెట్టిరి గనుక నాచు పరుపు మందమగుచు వచ్చెను. 1955లో గుస్తాఫ్ సిరేన్ అను శాస్త్రజ్ఞుడు ఉత్తర ఫిన్లండు స్ప్రూసు అడవులను పరిశీలించి, మంట పిమ్మట పుట్టిన మొదటి తరము కంటె తరువాతి తరము క్షీణించుటను, దానికి ఆ పచ్చి యాకుకుళ్ళు పొరతో గల సంబంధమును వివరించెను.

ఈలోగా కొలతల యుగము వచ్చెను. 1909లో కయాందర్ అను వృక్షశాస్త్రవేత్త అడవి నేలపై పెరుగు చిన్న మొక్కలనుబట్టి ఆ నేల సారమును గుర్తింపవచ్చునని సిద్ధాంతము చేసెను. చెట్లను నరికినను నేలస్వభావమును ఆ చిన్న మొక్కలు చెప్పును. అడవి పండితుడైన ఈ కయాందర్ తరువాత మూడు పర్యాయములు ఆ దేశమునకు ప్రధానమంత్రి అయ్యెను. 1939లో రష్యాతో యుద్ధము ఆరంభమైన దినమున ఆ పదవిలో నున్నవాడు ఆయనయే. 1921 మొదలు 1924 వరకు యూర్యో ఇల్వెస్సాలో నాయకత్వమున దేశమంతటను వరుస గీతల వెంబడి నడచి అడవిని లెక్కించిరి. నాటి లెక్క ప్రకారము దేశపు అడవులు ఏటికి సుమారు 5.5 కోట్ల ఘనమీటర్లు పెరుగుచుండెను. అడవి ఎంత ఉన్నదో, ఎంత పెరుగుచున్నదో ఊహకు బదులు అంకెతో చెప్పగల స్థితి అప్పటినుండి ఏర్పడినది.

యుద్ధము ఫిన్లండునకు గొప్ప గాయము చేసెను. కరేలియా ప్రాంతము పోయెను. దానితో పేరుగల అడవులును పోయెను. నాలుగు లక్షలకు పైగా నిర్వాసితులకు నేల చూపవలసివచ్చెను. సోవియట్ దేశమునకు 1952 వరకు యుద్ధపరిహారము చెల్లింపవలసివచ్చెను. ఆ పరిహారములో యంత్రములును నావలును అధికమే. కాని అవి చేయుటకు కావలసిన సామగ్రి కొను విదేశద్రవ్యము కలపనుండి రావలసినదే. అట్టి సమయమున 1948లో ఆరుగురు అటవీ నిపుణులు ఒక ప్రకటన వెలువరించిరి. ఏరి నరుకు పద్ధతి దేశపు అడవులను పాడుచేసినది, దానిని విడువవలెనని దాని సారాంశము. పోడును గూర్చి వ్రాసిన హెయికిన్‌హెయిమోయు, పైను విత్తనమును శోధించుచున్న సర్వాస్‌యు ఆ ఆరుగురిలో ఉండిరి. రెండేండ్లకు, 1950లో, పొరుగునున్న స్వీడను ప్రభుత్వ అటవీశాఖయు తన ఉత్తర ప్రాంతములకు అదే తీరు ఉత్తరువు పంపెను.

అప్పటినుండి పద్ధతి తలక్రిందులయ్యెను. ఒక మేర చెట్లన్నిటిని ఒకేసారి నరుకుట, నేలను కాల్చియో గీకియో సిద్ధము చేయుట, విత్తుట లేక నాటుట, నడుమ పలుచన చేయుట, 60 మొదలు 100 ఏండ్లకు మరల కోత: ఇది క్రొత్త వ్యవసాయము. పైను నేలలలో కొన్ని విత్తన వృక్షములను విడిచి వాని సంతానముతోనే నింపుట కూడ చేసిరి. 1950 ప్రాంతముల నరికిన నేలను కాల్చుట విరివిగా సాగెను. దీనివలన పూర్వము అడవిమంట చేసిన పనిని మనుష్యుడు తిరిగి చేయించినట్లయ్యెను. కాని కాల్పునకు కూలీలు చాలమంది కావలెను, వాతావరణము కుదురవలెను. కూలి పెరిగి యంత్రములు వచ్చిన పిమ్మట అగ్ని వెనుకబడెను, నాగలి ముందునకు వచ్చెను. ఉత్తరమున పెద్ద ట్రాక్టరులు లాగు నాగళ్ళతో అడవినేలను లోతుగా దున్ని, ఎత్తయిన గట్టుపై మొక్కలు నాటిరి.

దీని ఫలితమును ఒక్క మాటలో మేలనుటకును వీలులేదు, కీడనుటకును వీలులేదు. దక్షిణ ఫిన్లండులో పునర్జన్మము సమృద్ధిగా జరిగెను. ముసలి అడవుల స్థానమున పడుచు అడవులు లేచినవి. చిత్తడి నేలలలో దాదాపు 50 లక్షల హెక్టారులు కాలువలు త్రవ్వి ఆరబెట్టుట కూడ దీనికి తోడయ్యెను. 1920 ప్రాంతమున 5.5 కోట్ల ఘనమీటర్లుగా నుండిన వార్షిక వృద్ధి ఈ శతాబ్దమున 10 కోట్లను దాటెను. కరేలియా పోయిన పిమ్మటను, ఇంత నరికిన పిమ్మటను, నేడు నిలిచియున్న కలప శతాబ్దము క్రిందటికంటె చాల అధికము. 1948 నాటి నిపుణులు కోరినది ఇదియే. వారి లెక్క ఈ విషయమున తప్పలేదు.

కాని ఉత్తరమున లెక్క తప్పిన చోట్లు కలవు. ఎత్తయిన చలి ప్రదేశములలో వేలకొలది ఎకరములు ఒకే తెరపిగా నరికినప్పుడు, పెద్ద చెట్లు ఇచ్చెడి చాటు పోయెను. నేల నీరుపట్టి చలువగట్టెను. మంచు క్రింద వ్యాపించు శిలీంధ్రములు లేత పైనులను తినివేసెను. ఉత్తరపు విత్తనము దొరకక దక్షిణపు విత్తనము వాడిన చోట మొక్కలు మొదట చక్కగా పెరిగినట్లే కనబడి, పది పదిహేనేండ్లకు చలికి ఓర్వలేక చచ్చినవి. మొక్కలు బ్రతికినవా లేదా యని మొదటి మూడేండ్లకు లెక్క చూచి సంతోషించినవారు ఆ చావును చూడలేదు. ఏ అక్షాంశపు విత్తనము ఆ అక్షాంశమునకే యను నియమమునకు ఇంత విలువ చెల్లింపవలసివచ్చెను. లోతు దుక్కి మొక్కకు వెచ్చని నేలనిచ్చిన మాట నిజమే; కాని నేలపై అది చేసిన గాట్లు చిరకాలము మాసిపోవు. 1990 ప్రాంతమునుండి ఆ పద్ధతిని క్రమముగా విడిచి, నేలను పైపైన గీకుటయో, చిన్న మట్టిదిబ్బలు వేయుటయో చేయుచున్నారు.

విశాలమైన పడుచు తోటలు మరియొక అతిథిని పిలిచినవి. మూస్ అను మహాకాయమైన దుప్పికి లేత పైను కొమ్మలు శీతకాలపు ఆహారము. 1970 తరువాత ఆ దుప్పుల సంఖ్య మిక్కిలి పెరిగి, పైను మొక్కలకు పెద్ద బెడదయ్యెను. దానికి భయపడి కొందరు రైతులు పైను పెరుగవలసిన పొడినేలలలో సైతము స్ప్రూసును నాటిరి. కరవు వచ్చినప్పుడు ఆ స్ప్రూసులు తాళలేవు. నాటినది నేలనుబట్టి కాక దుప్పినిబట్టియైనప్పుడు అట్లే జరుగును.

లెక్కపుస్తకములలో కనబడని నష్టము మరియొకటి కలదు. సహజమైన అడవిలో చచ్చి నిలిచిన చెట్లు, కూలి చివుకుచున్న దుంగలు విస్తారముగా ఉండును. పెంపుడు అడవిలో అందు పదవ వంతైనను మిగులదు. పనికిరాని కొయ్య యని మన మనునది వేలకొలది పురుగులకును, శిలీంధ్రములకును, పక్షులకును ఇల్లు. పాత బర్చి మ్రోడులు కరవై తెల్లవీపు వడ్రంగిపిట్ట ఆ దేశమున దాదాపు కనుమరుగైనంత పని అయ్యెను. స్ప్రూసు మొక్క కూడ చివికిన దుంగపై చక్కగా మొలచును. దుంగ లేనప్పుడు ఆ ఉయ్యాలయు లేదు. అగ్నితో బ్రతుకు ప్రాణుల సంగతి మరియును చిత్రము. ఫిన్నులు ‘పోడు కొంగమోకాలు’ అను అర్థమిచ్చు పేరుతో పిలుచు ఒక నీలిపూల మొక్క కలదు. దాని విత్తనములు నేలలో అనేక దశాబ్దములు నిద్రించి, మంట వేడి తగిలినగాని మేల్కొనవు. మంటలన్నిటిని ఆర్పివేసిన దేశములో ఆ విత్తనము ఇంకను నేలలోనే వేచియున్నది. అందుచేతనే నేడు రక్షితారణ్యములలో కొన్ని చోట్ల కావలి పెట్టి, కావలెనని అడవిని కాల్చుచున్నారు. ఫాన్ బెర్గ్ నిందించిన మంటను ఆయన శిష్యపరంపర తిరిగి వెలిగించుచున్నదన్నమాట.

1948 ప్రకటనను గూర్చిన వివాదము కూడ ముగియలేదు. ఆనాడు నిందింపబడినది నిజముగా ఏరి నరుకుటయా, లేక మేలైనదానిని దోచుకొనుటయా యని తరువాతి తరము ప్రశ్నించెను. అన్ని వయసుల చెట్లు నిలుచునట్లు, పెద్దవానిలో కొన్నిటిని తీసి పడుచువానికి తావిచ్చుచు అడవిని సాకుట వేరు. ధర పలుకు చెట్లనన్నిటిని తీసికొని కొరగానివానిని విడుచుట వేరు. పేరు ఒక్కటే యగుటచే రెండును ఒకే తీర్పునకు లోనైనవి. ఫిన్లండు అటవీ పరిశోధనాలయమున ప్రొఫెసరైన ఎర్క్కి లహ్దె 1980 తరువాత ఈ వాదమును గట్టిగా వినిపించెను. ఆయనకు సమర్థకులకంటె ప్రతిపక్షులే అధికముగా నుండిరి. తన అడవిని సంపూర్ణముగా నరికింపక ఏరి నరికించుకొన గోరిన చిన్న రైతునకు దీర్ఘకాలము చట్టము అడ్డుగా నుండెను. ఆ దేశపు అడవిలో సగమునకు పైగా అట్టి కుటుంబములదే గనుక ఇది పండితుల తగవు మాత్రమే కాదు. ఇంటి వెనుక అడవిపై ఇంటివాని కెంత హక్కు కలదన్న ప్రశ్నయు అయ్యెను. తుదకు 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన సవరణతో ఏరి నరుకుటకును చట్టసమ్మతి లభించెను.

అంతమాత్రమున పూర్వపు పద్ధతి తప్పని, నేటిది ఒప్పని తేలలేదు. నీడకోర్చు స్ప్రూసు, సారవంతమైన నేల, క్రింద సిద్ధముగా నున్న పిల్లమొక్కలు: ఈ మూడును కుదిరిన చోట ఏరి నరుకుట ఫలించును. ఆరబెట్టిన చిత్తడి నేలలలో కొన్ని చెట్లను నిలుపుట మేలు. అవి నీటిని పీల్చి నేలను పొడిగా నుంచును గనుక కాలువలను మరల మరల త్రవ్వనక్కరలేదు. వెలుతురు కోరు పైను నేలలలో మాత్రము చిన్న తెరపులైనను కావలెను. వేరుకుళ్ళు తెగులు పట్టిన స్ప్రూసు అడవిలో ఏరి నరికినచో ఆ తెగులు ముసలి వేరునుండి పిల్లవేరునకు ప్రాకును. దట్టమైన నాచు పరుపు గల ఉత్తరపు కొండలలో అగ్నియో ఇనుమో తాకనిదే క్రొత్త తరము లేవదు. అనగా ఏ పద్ధతి మేలని కాక, ఏ నేలపై, ఏ చెట్టునకు, ఏ విత్తనపు సంవత్సరమున అని అడుగవలెను. తారు కాచిన ఇసుకనేలయు, పోడు కాల్చిన సావో నేలయు రెండువందల యేండ్ల క్రిందట చెప్పిన మాటయు ఇదియే.

ఇప్పుడు ఈ లెక్కలలో క్రొత్త అంకె యొకటి చేరినది. ఉత్తరపు వేసవులు వెచ్చబడుచున్నవి. వృక్షసీమలో విత్తనము పూర్వముకంటె తరచుగా పండవచ్చును; దానితోపాటు స్ప్రూసు బెరడు తొలుచు పురుగును ఉత్తరమునకు ప్రాకుచున్నది. ఇటీవలి గణనలో దేశపు అడవుల వృద్ధి, ముఖ్యముగా పైనుది, కొంత తగ్గినట్లు తేలినది. ఒకే వయసు, ఒకే జాతి చెట్లతో నిండిన తోటకంటె, పైను, స్ప్రూసు, బర్చి కలిసిన అడవి ఇట్టి మార్పునకు మేలుగా తట్టుకొనునని నేటి నిపుణులలో పెక్కురు భావించుచున్నారు. పూర్వము కలుపుగా నెంచి కొట్టిన బర్చిని ఇప్పుడు కావలెనని నిలుపుచున్నారు.

2014 పిమ్మట క్రొత్త పద్ధతిలో సాకబడుచున్న అడవులకు ఇంకను పసితనమే. అందు నేడు మోకాలెత్తున నున్న స్ప్రూసు మొక్క కోతకు వచ్చుసరికి ఈ శతాబ్దము ముగియును. లాప్లండులో నేడు మొలచిన పైను చెట్టగుసరికి 22వ శతాబ్దము కొంత గడచియుండును. అంతవరకు నిపుణులు చేయగల పని ఒకటి కలదు. అన్నిటిని ఒకే తీరున నరుకక, కొంత మేర ఏరి నరికియు, కొంత తెరపిగా నరికియు, కొంత ముట్టక విడిచియు, ఎక్కడ ఏమి చేసిరో ఇల్వెస్సాలో నేర్పినట్లు కొలిచి వ్రాసియుంచుట. మనుమలు తీర్పు చెప్పుటకు వారికి సాక్ష్యము కావలెను గదా.